సీ భాషే తీసేసిన ఫంక్షన్‌ను మన పిల్లలకు ఇంకా నేర్పుతున్నాం

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి, తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షులకు, మన విశ్వవిద్యాలయాల కంప్యూటర్ సైన్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు

అయ్యలారా, అమ్మలారా,

నేను కోరేది చిన్న పని. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో మన పిల్లలు సీ భాష నేర్చుకునే ల్యాబ్ మాన్యువళ్లలోంచి, ప్రశ్నపత్రాల్లోంచి, మార్కులు వేసే పద్ధతిలోంచి ‘గెట్స్’ అనే ఫంక్షన్‌ను పూర్తిగా తీసేయించండి. దాని కోవలోనే ఉన్న మరికొన్ని ఫంక్షన్లు ఎందుకు ప్రమాదమో మొదటి నెలలోనే చెప్పించండి. ఇందుకు కొత్త కంప్యూటర్లు కొననక్కర్లేదు, సిలబస్ మొత్తం తిరగరాయనక్కర్లేదు. మీరు ఒక నిర్ణయం తీసుకుంటే చాలు. అది ఎందుకు అవసరమో వివరంగా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. వేరేవాళ్లు రాసిన కోడ్ చదివి, దాడి చేసేవాడికి దారి ఇచ్చే చోట్లు ఎక్కడున్నాయో చూడటం నా ఉద్యోగం. మన రెండు రాష్ట్రాల కళాశాలల నుంచి వచ్చిన తెలివైన కుర్రాళ్లు, అమ్మాయిలు రాసిన కోడ్ నా ముందుకు నిత్యం వస్తుంటుంది. వాళ్ల తర్కం బాగుంటుంది. అల్గారిథం చక్కగా ఉంటుంది. కానీ బయటినుంచి వచ్చే సమాచారం తాము కేటాయించిన చోటుకంటే పెద్దదైతే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం చాలామందికి తట్టదు. తట్టకపోవడం వాళ్ల తప్పు కాదు. మొదటి రోజు మనం వాళ్ల చేతికిచ్చిన ఫంక్షన్‌లోనే ఆ ప్రశ్నకు చోటు లేదు.

మొదటి ఏడాది ల్యాబ్‌లో పిల్లలు రాసే ప్రోగ్రాం ఒకటి మీకు బాగా తెలుసు. విద్యార్థి పేరు, రోల్ నంబరు, మార్కులు తీసుకుని తెరమీద చూపించాలి. పేరు కోసం 20 బైట్ల అర్రే పెడతారు. తర్వాతి వరుసలో గెట్స్ పిలిచి ఆ అర్రే పేరు ఇస్తారు. ప్రోగ్రాం నడుస్తుంది, రికార్డులో సంతకం పడుతుంది.

ఇందులో ఏం జరుగుతోందో చూడండి. అర్రే ఎక్కడ మొదలవుతుందో గెట్స్‌కు చెప్పాం. ఎక్కడ ముగుస్తుందో చెప్పలేదు, చెప్పే వీలు కూడా లేదు. పరిమాణం అందుకునే ఆర్గ్యుమెంటే ఆ ఫంక్షన్‌కు లేదు. ఎంటర్ నొక్కేదాకా వచ్చిన ప్రతి అక్షరాన్నీ అది మెమరీలో వరసగా రాసుకుంటూ పోతుంది. 20 బైట్లు నిండిపోయాయన్న సంగతి దానికి తెలియదు. షట్టరు లేని తూము కింద మడి ఎంతదైనా నీరు ఆగదు, గట్టు దాటి పక్క రైతు చేలో పడుతుంది. గెట్స్ సరిగ్గా అలాంటి తూము.

పరీక్షించడానికి మన పేర్లే చాలు. ‘వెంకట సత్య సూర్యనారాయణ మూర్తి’ అన్నది గోదావరి జిల్లాల్లో ఎవరూ వింతగా చూడని పేరు. మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగులో ఖాళీలతో కలిపి అది 34 అక్షరాలు. చివర స్ట్రింగ్ ముగింపు గుర్తుగా ఉండే సున్నా బైట్‌తో 35. అంటే ఇంటిపేరు చేర్చకముందే 15 బైట్లు అర్రే బయట పడ్డాయి. ఆ కుర్రాడు ఎవరిమీదా దాడి చేయలేదు, తన పేరు తాను టైపు చేసుకున్నాడు, అంతే.

ఆ 15 బైట్లు ఎక్కడ పడతాయన్నదే అసలు సమస్య. ఫంక్షన్ లోపల ప్రకటించిన అర్రే స్టాక్ అనే మెమరీ భాగంలో ఉంటుంది. ఆ ఫంక్షన్ పని ముగిశాక ప్రాసెసర్ ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే రిటర్న్ అడ్రస్ కూడా అక్కడే, దగ్గర్లోనే ఉంటుంది. పొంగిన బైట్లు అక్కడిదాకా వెళితే ఆ చిరునామా చెరిగిపోతుంది. పొరపాటున చెరిగితే ప్రోగ్రాం కూలిపోతుంది. కానీ ఏ బైట్ ఎక్కడ పడుతుందో లెక్క కట్టగలవాడు తనకు కావలసిన చిరునామానే అక్కడ రాస్తాడు. అప్పటినుంచి యంత్రం నడిపేది మనం రాసిన ప్రోగ్రాం కాదు, అతను పంపినది. దీన్నే బఫర్ ఓవర్‌ఫ్లో అంటాం.

ఇది పుస్తకంలో ఊహించి చెప్పే ప్రమాదం కాదు. 1988 నవంబరు 2న ప్రపంచం దీన్ని కళ్లారా చూసింది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్, తనంతట తానే వ్యాపించే ప్రోగ్రాం అయిన ఒక వార్మ్‌ను ఎంఐటీలోని కంప్యూటర్ నుంచి వదిలాడు. అది వ్యాపించడానికి వాడుకున్న దారుల్లో ఒకటి ‘ఫింగర్’ సేవ. ఫలానా వినియోగదారుడు లాగిన్ అయి ఉన్నాడా అని అడిగితే జవాబు చెప్పే చిన్న ప్రోగ్రాం అది. అడిగేవాళ్లు ఒక వరుసలో పేరు పంపుతారు. ఆ పేరును చదవడానికి ప్రోగ్రాం రాసినవాళ్లు వాడింది గెట్స్. దానికి కేటాయించిన చోటు 512 బైట్లు. వార్మ్ పంపింది 536 బైట్లు. ఆ అదనపు బైట్లతో రిటర్న్ అడ్రస్ మారి, వాక్స్ అనే రకం కంప్యూటర్లలో దాడి కోడ్ నడిచింది. సుమారు 6,000 కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని అప్పటి అంచనా. అప్పటికి ఇంటర్నెట్‌కు కలిసి ఉన్నవి దాదాపు 60,000 అనుకునేవారు, అంటే పదింట ఒకటి. 1990లో మోరిస్‌కు కోర్టు మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించింది. ఆ ఘటన తర్వాతే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం ‘సెర్ట్’ పుట్టింది. మన దేశంలో 2004 నుంచి పనిచేస్తున్న సెర్ట్-ఇన్ పేరులో ఉన్నదీ ఆ మాటే.

ఫింగర్ ప్రోగ్రాంను బాగుచేయడానికి గెట్స్ స్థానంలో ఎఫ్‌గెట్స్ పెట్టారు. ఎఫ్‌గెట్స్‌కు పరిమాణం చెప్పాలి. ఎన్ని బైట్లు అంటే అంతలోపే ఆగుతుంది. ఒక పేరు చదివే పనికి తగని ఫంక్షన్ వాడితే అంత జరిగింది, తగినది పెడితే ఆ దారి మూసుకుపోయింది. మన పిల్లలు మొదటి ల్యాబ్‌లో చేసేది కూడా ఒక పేరు చదవడమే కదా! ఆ పనికి 1988లోనే చెల్లదని తేలిన పనిముట్టును వాళ్ల చేతిలో ఎందుకు పెడుతున్నాం?

సీ భాషను నడిపే ప్రమాణ సంఘం ఈ విషయంలో ఎంతో నిదానంగా కదిలింది. 1989 నాటి ప్రమాణంలో గెట్స్ ఉంది. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదన్న ఆలోచన ఆ సంఘానికి ఎప్పుడూ బలంగా ఉంటుంది. 1999 ప్రమాణానికి 2007లో చేసిన సవరణలో దాన్ని వాడుక తగ్గించాల్సిన ఫంక్షన్‌గా ప్రకటించారు. 2011 ప్రమాణంలో పూర్తిగా తీసేశారు. సీ ప్లస్ ప్లస్ 2014లో అదే చేసింది. పాతదాన్ని వదులుకోవడానికి అంత వెనకాడే సంఘమే ఒక ఫంక్షన్‌ను తొలగించిందంటే, దాన్ని భద్రంగా వాడే పద్ధతి ఒక్కటి కూడా దొరకలేదని అర్థం. 2024లో వచ్చిన జీసీసీ 14 కంపైలర్‌తో నేటి లినక్స్ యంత్రంలో గెట్స్ ఉన్న ప్రోగ్రాం కంపైల్ కూడా కాదు. పరీక్షలో పూర్తి మార్కులు వచ్చిన జవాబును ఇవాళ్టి కంపైలర్ తప్పు అని తిప్పి పంపుతుంది. ఆ పిల్లవాడికి మనం ఏం చెబుతాం?

ఇక్కడ టర్బో సీ ప్లస్ ప్లస్ గురించి కూడా చెప్పాలి. 1990ల తొలినాళ్లలో డాస్ కోసం బోర్లాండ్ తయారుచేసిన ఆ సాఫ్ట్‌వేర్, ఆ కాలానికి గొప్పది. ఎంతోమంది తెలుగువాళ్లకు ఆ నీలిరంగు తెరమీదే ప్రోగ్రామింగ్‌తో తొలి పరిచయం. ఆ రుణం నేను కాదనను. కానీ చాలా ల్యాబ్‌లలో డాస్‌బాక్స్ సాయంతో దాన్ని ఇంకా నడిపిస్తున్నారు. మెయిన్‌కు ముందు వాయిడ్, మొదట్లో క్లియర్ స్క్రీన్, చివర్లో గెట్‌చ్ రాయకపోతే ప్రోగ్రాం పూర్తికాదని పిల్లలు నమ్ముతున్నారు. ఇంటిజర్ అంటే రెండు బైట్లే అని వైవాలో చెబుతున్నారు. భద్రత పరంగా అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ఆ డాస్ వాతావరణంలో మెమరీకి కాపలా లేదు. అర్రే హద్దు దాటి రాసినా యంత్రం చాలాసార్లు పల్లెత్తు మాట అనదు. నేటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో అయితే తనది కాని మెమరీని ముట్టుకున్న ప్రోగ్రాంను ఆపి సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని చూపే అవకాశం ఉంటుంది. ఆ తప్పు కంటపడటమే మొదటి పాఠం. మన పిల్లలకు ఆ పాఠం అందకుండా పోతోంది. అన్ని కళాశాలల్లో ఇలాగే ఉందని నేననడం లేదు. లినక్స్‌కు ఎప్పుడో మారిన అధ్యాపకులు మన దగ్గరే ఉన్నారు. వారు సొంత చొరవతో చేస్తున్న పని అందరికీ నియమం కావాలని నా విన్నపం.

గెట్స్ ఒక్కటీ పోతే సరిపోదు. పరిమాణం అడగని బంధువులు దానికి చాలామందే ఉన్నారు. స్టర్‌కాపీ ఒక స్ట్రింగ్‌ను మరోచోటికి పోస్తుంది, అక్కడ చోటుందా అని చూడదు. స్టర్‌క్యాట్ ఉన్నదాని చివర మరొకటి తగిలిస్తుంది, అదీ చూడదు. ఎస్‌ప్రింట్‌ఎఫ్ అంకెలను, మాటలను కలిపి ఒక స్ట్రింగ్‌గా అల్లుతుంది, అదీ అంతే. స్కాన్‌ఎఫ్‌లో వెడల్పు చెప్పకుండా పర్సెంట్ ఎస్ రాస్తే అది గెట్స్ చేసే పనే చేస్తుంది. తేడా ఒక్కటే, ఎంటర్ దగ్గరే కాకుండా ఖాళీ వచ్చినా ఆగుతుంది. అందువల్ల గెట్స్ మానేసి స్కాన్‌ఎఫ్‌కు మారామంటే ప్రయోజనం లేదు.

వేరే రకం ప్రమాదాలూ ఉన్నాయి. వినియోగదారుడు ఇచ్చిన స్ట్రింగ్‌నే నేరుగా ప్రింట్‌ఎఫ్‌కు మొదటి ఆర్గ్యుమెంటుగా ఇస్తే, అందులోని పర్సెంట్ గుర్తులను ఆ ఫంక్షన్ ఆదేశాలుగా తీసుకుంటుంది. మెమరీలోని విషయం బయటికి వచ్చేస్తుంది, కొన్ని సందర్భాల్లో మెమరీలోకి రాయడం కూడా సాధ్యమవుతుంది. బయటినుంచి వచ్చిన మాటలను కలిపి సిస్టమ్ ఫంక్షన్‌కు అందిస్తే ఆ మాటల్లో దాగిన కమాండ్లు కూడా నడుస్తాయి. ఓటీపీ కోసం ర్యాండ్ వాడితే వచ్చే అంకెలను ముందే ఊహించే వీలుంటుంది.

‘ఎన్’ అక్షరం ఉన్న ఫంక్షనైతే భద్రమే అనే నమ్మకం కూడా పిల్లల్లో చూస్తుంటాను. స్టర్‌ఎన్‌కాపీ విషయంలో అది తప్పు. పాత యూనిక్స్‌లో ఫైలు పేర్ల కోసం ఉంచిన 14 బైట్ల స్థిరమైన గడుల వంటి వాటిని నింపడానికి పుట్టిన ఫంక్షన్ అది. మూలంలోని స్ట్రింగ్ పొడుగైతే చివర సున్నా బైట్ పెట్టదు. ఆ స్ట్రింగ్‌ను తర్వాత ఎవరు చదివినా హద్దు దాటి చదువుతారు. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ అలా కాదు. పరిమాణం సున్నా కానంతవరకు చివర ముగింపు గుర్తు పెడుతుంది, ఆ గుర్తు కాకుండా మొత్తం రాయడానికి ఎన్ని బైట్లు కావాల్సిందో తిరిగి చెబుతుంది. ఆ అంకెను చూస్తే స్ట్రింగ్ తెగిందో లేదో తెలిసిపోతుంది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు 1998లో స్టర్‌ఎల్‌కాపీ తయారుచేసిందీ ఈ అవసరం కోసమే. లినక్స్‌లో వాడే గ్నూ సీ లైబ్రరీలోకి అది 2023లో వచ్చింది.

పరిమాణం చెప్పగానే పని అయిపోయినట్టు కూడా కాదు. మన లిపి సంగతే తీసుకోండి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు పడుతుంది. ఒత్తును కలిపే పొల్లు గుర్తుకు, గుణింతపు గుర్తుకు కూడా విడిగా మూడేసి బైట్లు. ‘సత్యనారాయణ’ అన్న ఒక్క పేరుకే 30 బైట్లు కావాలి. 20 బైట్ల అర్రేలోకి దాన్ని ఎఫ్‌గెట్స్‌తో చదివితే 19 బైట్ల దగ్గర ఆగుతుంది. ‘సత్యనా’ వరకు వచ్చి, ‘ర’లో మూడో వంతు మిగులుతుంది. దాడికి దారి మూసుకుపోయింది, బాగుంది. కానీ ఆ మనిషి పేరు విరిగిపోయింది. ఆ విరిగిన పేరు రేషన్ కార్డులోకో బ్యాంకు ఖాతాలోకో వెళితే అతను ఆఫీసుల చుట్టూ తిరగాలి. అందువల్ల పిల్లలకు నేర్పవలసిన ఆలోచన ఒక మెట్టు పైన ఉంది. ఇన్‌పుట్ పెద్దదైతే ఏం చేయాలి? కత్తిరించాలా, వద్దని తిప్పి పంపాలా, ఇంకా పెద్ద చోటు కేటాయించాలా? భద్రమైన ఫంక్షన్ వాడినప్పుడే ఈ ప్రశ్న ముందుకొస్తుంది. గెట్స్ ఆ ప్రశ్న అడగనివ్వదు.

పెద్ద సంస్థలు దీన్ని ఎలా ఎదుర్కొన్నాయో చూస్తే మనకు దారి కనిపిస్తుంది. 2002 జనవరిలో బిల్ గేట్స్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగులందరికీ రాసిన లేఖలో, కొత్త ఫీచర్‌కూ భద్రతకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే భద్రతనే ఎంచుకోవాలన్నారు. ఏడాది తిరగగానే, 2003 జనవరి 25న, స్లామర్ అనే వార్మ్ వచ్చింది. దాని పరిమాణం 376 బైట్లు, ఈ లేఖలో ఒక పేరాకంటే చిన్నది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని స్టాక్ ఓవర్‌ఫ్లో దాని దారి. దాడికి లోనయ్యే స్థితిలో ఉన్న యంత్రాల్లో పదింట తొమ్మిదిని పది నిమిషాల్లో చుట్టేసింది. కనీసం 75,000 యంత్రాలు దాని బారిన పడ్డాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఏటీఎంలు వేల సంఖ్యలో నగదు ఇవ్వలేకపోయాయి. ఆ లోపానికి సవరణ ఆరు నెలల ముందే, 2002 జులైలో విడుదలై ఉంది. రాసేటప్పుడు జరిగిన తప్పును తర్వాత సవరించినా, ఆ సవరణ ప్రతి యంత్రానికీ సమయానికి చేరదని అప్పుడు అందరికీ తెలిసింది.

మైక్రోసాఫ్ట్ తర్వాత నిషిద్ధ ఫంక్షన్ల జాబితా తయారుచేసి ఒక హెడర్ ఫైలులో పెట్టింది. ప్రపంచమంతా కోడ్ దాచుకునే ‘గిట్’ ప్రాజెక్టు 2018లో ఇదే చేసింది. స్టర్‌కాపీ, స్టర్‌క్యాట్, ఎస్‌ప్రింట్‌ఎఫ్, స్టర్‌ఎన్‌కాపీ వంటివి ఎవరు రాసినా గిట్ కంపైల్ కాదు. గిట్ రాసేవాళ్లు సీ భాషలో ఆరితేరినవాళ్లు. వాళ్లు కూడా తమ జాగ్రత్తమీద ఆధారపడకుండా, తప్పు చేసే వీలే లేకుండా ఏర్పాటు చేసుకున్నారు. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. ‘చూసుకుని వాడండి’ అన్న సలహా ఏ తరంలోనూ పనిచేయలేదు. ప్రమాదకరమైన ఫంక్షన్ అందుబాటులో ఉన్నంతకాలం, అలసిన రాత్రి ఎవరో ఒకరు దాన్ని రాస్తూనే ఉంటారు. దాన్ని అందకుండా చేయడం సంస్థ చేయాల్సిన పని. చదువు విషయంలో ఆ సంస్థ మీరే.

మీ ముందుకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. వాటికి జవాబు చెబుతాను.

మొదటిది, కొత్తవాళ్లకు సులువైనది ముందు నేర్పాలి, కష్టమైనవి తర్వాత చూసుకోవచ్చు అన్నది. ఎఫ్‌గెట్స్‌కు ఇవ్వాల్సినవి మూడు: అర్రే, దాని పరిమాణం, ఎక్కడినుంచి చదవాలో. ఇంటర్ గణితం దాటివచ్చిన పిల్లలకు ఇది భారం కాదు. అది ఎంటర్ గుర్తును కూడా స్ట్రింగ్‌లో ఉంచుతుందని, పిల్లలు తికమకపడతారని అధ్యాపకులు అంటారు. ఆ గుర్తును తీసేయడానికి ఒక్క వరుస చాలు. పైగా ఆ గుర్తు ఉపయోగపడుతుంది. అది స్ట్రింగ్‌లో కనబడకపోతే వరుస మనం ఇచ్చిన చోటులో పట్టలేదేమో అని అనుమానించాలి. ఇక ‘తర్వాత చూసుకోవచ్చు’ అన్న మాటకొస్తే, రెండో ఏడాదిలో, మూడో ఏడాదిలో ఎవరూ వెనక్కి వచ్చి ‘గెట్స్ మరిచిపోండి’ అని చెప్పడం లేదు. మొదట పట్టిన అలవాటే ఉద్యోగం దాకా వస్తోంది.

రెండోది, ఇప్పుడు సీ ఎవరు రాస్తున్నారు, అంతా పైథాన్, జావా కదా అన్నది. లినక్స్ కెర్నెల్ దాదాపు అంతా సీలోనే ఉంది. అంటే మన ఆండ్రాయిడ్ ఫోన్ల కెర్నెల్ కూడా సీదే. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సీ లైబ్రరీలోది. అవతలివాడు చెప్పిన పొడవును సరిచూడకుండా మెమ్‌కాపీకి ఇవ్వడంతో, ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల వరకు సర్వర్ మెమరీ బయటికి కారిపోయింది. అందులో పాస్‌వర్డులు, రహస్య తాళాలు కూడా ఉండొచ్చు. 2019 మేలో వాట్సాప్ సరిచేసుకున్న లోపం దాని కాలింగ్ భాగంలోని బఫర్ ఓవర్‌ఫ్లో. దాని ద్వారా దాదాపు 1,400 పరికరాల్లోకి నిఘా సాఫ్ట్‌వేర్ పంపే ప్రయత్నం జరిగిందని వాట్సాప్ తన దావాలో చెప్పింది. వాటిలో మన దేశపు పాత్రికేయుల, హక్కుల కార్యకర్తల ఫోన్లూ ఉన్నాయి. తాము ఏటా సరిదిద్దే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని 2019లో మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు వెల్లడించారు. రస్ట్ వంటి భాషలు ఈ సమస్యను మొదట్లోనే తుంచేస్తాయి, వాటినీ నేర్పాలి. కానీ సీలో ఇప్పటికే ఉన్న కోడ్‌ను దశాబ్దాలపాటు చదివి, సరిచేసేది మన పిల్లలే.

భాష మారినంత మాత్రాన అలవాటు మారదు. సీలో హద్దు చూడనివాడు పైథాన్‌లో బయటి స్ట్రింగ్‌ను ఎవాల్‌కు ఇస్తాడు, ఎక్కడినుంచో వచ్చిన ఫైలును పికిల్‌తో తెరుస్తాడు, డేటాబేస్ ప్రశ్నను ముక్కలు అతికించి తయారుచేస్తాడు. అన్నిటికీ మూలం ఒక్కటే, బయటినుంచి వచ్చినదాన్ని నమ్మేయడం.

మూడోది, ఇప్పటి కంపైలర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు రక్షణ ఇస్తున్నాయి కదా అన్నది. ఇస్తున్నాయి. స్టాక్ చెడితే పట్టుకునే కాపలా విలువలు, మెమరీ చిరునామాలను ప్రతిసారీ మార్చే పద్ధతి దాడిని కష్టం చేశాయి. కానీ ఓవర్‌ఫ్లో అయితే జరుగుతూనే ఉంటుంది. మంచి సందర్భంలో ప్రోగ్రాం కూలి సేవ ఆగిపోతుంది. ఆస్పత్రిలోని పరికరంలోనో వాహనంలోనో అది చిన్న విషయం కాదు. పైగా చవకైన చిన్న పరికరాల్లో ఈ రక్షణలు చాలాసార్లు ఉండవు.

ఇప్పుడు కోడ్‌లో కొంత భాగాన్ని యంత్రాలే రాసిపెడుతున్నాయి. అవి నేర్చుకున్నది మనుషులు రాసిన పాత కోడ్ నుంచే, అందులో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. ఆ కోడ్ చదివి ఇది ఉండొచ్చు, ఇది ఉండకూడదు అని తేల్చాల్సింది మన ఇంజనీరే. ప్రమాదకరమైన ఫంక్షన్‌ను చూడగానే గుర్తుపట్టే కన్ను రేపటి ఉద్యోగంలో ఇంకా ముఖ్యమవుతుంది.

అందువల్ల మిమ్మల్ని ఈ అయిదు పనులు కోరుతున్నాను.

ఒకటి. ‘ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్’ వంటి మొదటి ఏడాది సబ్జెక్టుల ల్యాబ్ మాన్యువళ్లలో, సిఫారసు పుస్తకాల్లో గెట్స్ ఉన్న ప్రతి ప్రోగ్రాంనూ మార్పించండి. ఎఫ్‌గెట్స్, వెడల్పు చెప్పిన స్కాన్‌ఎఫ్, ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ వాటి స్థానంలోకి రావాలి. పాలిటెక్నిక్ డిప్లొమాలోనూ ఇదే జరిగేలా సాంకేతిక విద్యాశాఖలతో మాట్లాడండి.

రెండు. పరీక్షలో గెట్స్ రాస్తే మార్కు తగ్గుతుందని ముందుగానే ప్రకటించండి. మార్కు కదిలితే గైడ్లూ కదులుతాయి, బోధనా కదులుతుంది. ఇది మన విద్యావ్యవస్థ తెలిసిన అందరికీ తెలిసిన సంగతే.

మూడు. ల్యాబ్‌లలో డాస్ కంపైలర్ ఆపి, ఉచితంగా దొరికే జీసీసీ లేదా క్లాంగ్ పెట్టించండి. హెచ్చరికలన్నీ కనబడేలా, హెచ్చరిక ఉంటే కంపైల్ కాకుండా అమర్చండి. అడ్రస్ శానిటైజర్ ఆన్ చేయించండి. అర్రే హద్దు దాటి రాస్తే ఏ వరుసలో, ఎన్ని బైట్లు దాటిందో అది చూపిస్తుంది. ఏ ఉపన్యాసమూ నేర్పలేనిది ఆ ఒక్క సందేశం నేర్పుతుంది. నిషిద్ధ ఫంక్షన్ల హెడర్ ఫైలు ఒకటి తయారుచేయించి ప్రతి ల్యాబ్‌కూ పంపండి. ఒక పేజీ కూడా ఉండదు.

నాలుగు. ప్రతి వైవాలో ఒక ప్రశ్న తప్పనిసరి చేయండి: ‘ఈ ఇన్‌పుట్ నువ్వు అనుకున్నదానికంటే పెద్దదైతే నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?’ దీనికి బట్టీ జవాబు లేదు. తన కోడ్ తాను చదువుకున్నవాళ్లే చెప్పగలరు.

అయిదు. అధ్యాపకులకు వేసవిలో చిన్న శిక్షణ ఏర్పాటు చేయండి. వారిమీద ఇప్పటికే భారం ఎక్కువ. కొత్త నియమం పెట్టి, నేర్చుకునే సమయం ఇవ్వకపోతే అది కాగితంమీదే మిగులుతుంది. పాఠాలు తయారుచేయడానికి, ల్యాబ్‌లకు వచ్చి చూపించడానికి పరిశ్రమలోని మావంటివాళ్లం సిద్ధంగా ఉన్నాం. పిలవండి, డబ్బు తీసుకోకుండా వస్తాం.

హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో, బెంగళూరులో, అమెరికాలో తెలుగువాళ్లు రాసిన కోడ్‌మీద ఇవాళ బ్యాంకులు, ఆస్పత్రులు, ప్రభుత్వ సేవలు నడుస్తున్నాయి. ఎంతమంది ఇంజనీర్లను తయారుచేశామో మనం గర్వంగా చెప్పుకుంటాం. వాళ్లు రాసినదాన్ని జనం నిశ్చింతగా నమ్మవచ్చని కూడా అంతే గర్వంగా చెప్పుకోగలగాలి.

వచ్చే విద్యాసంవత్సరం మొదటి ల్యాబ్ క్లాసు మొదలయ్యేలోపు ఒక్క పేజీ సర్క్యులర్ జారీ చేయండి. 2011లో సీ భాష తీసుకున్న నిర్ణయాన్ని మన తరగతి గదుల్లోనూ అమలు చేయండి.

భవదీయుడు,
ఒక సాఫ్ట్‌వేర్ భద్రతా ఇంజనీరు,
హైదరాబాద్